పదకొండో రోజు తీసిన బాదులు

ఫిబ్రవరి 9, 1999. మంగళవారం.
వాగు మీద వంతెన. మూడో స్లాబు పోసి ఇవాళ్టికి పది రోజులు. కింద స్లాబుని మోస్తున్న సరుగుడు బాదులు ఇంకో పది రోజులైనా ఉండాలి. ఏడో రోజు కాంక్రీటు దిమ్మల పరీక్షలో బలం తక్కువే వచ్చింది — ఆ కాగితం సార్ చేతికి నేనే ఇచ్చాను. అయినా మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సార్ జీపు దిగకుండానే చెప్పేశారు. "బాదులు తీయించెయ్ అమ్మాయ్. శుక్రవారం మంత్రిగారొస్తున్నారు. పైన లారీలు తిరగాలి."

సైట్‌లో ఆర్డర్ బుక్కు ఉంది. పైవాళ్లు ఏం చెప్పినా అందులో రాయించి సంతకం తీసుకోవాలి. అడగలేదు. చేరిన కొత్తల్లో పక్కన కూర్చోబెట్టుకుని డ్రాయింగు చదవడం నేర్పిన మనిషిని సంతకం అడగడమా... సిగ్గనిపించింది.

ఫిబ్రవరి 10
సెంట్రింగు మేస్త్రీ మస్తాన్ కదల్లేదు. "రాసిచ్చారా అమ్మా?" అన్నాడు. నేను చెబుతున్నానుగా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. సాయంత్రానికి బాదులన్నీ గట్టున పేర్చాడు.

ఫిబ్రవరి 11
స్లాబు అడుగున సన్నటి పగులు. మస్తానే చూపించాడు. సార్‌కి ఫోన్ చేశాను. ఎండకి అలాగే ఉంటుందిలే అన్నారు. నమ్మాను... మళ్లీ.

ఫిబ్రవరి 12
కూలింది.

ఫిబ్రవరి 13
నిన్న రాయలేకపోయాను. మంత్రిగారు రాకముందే, గుంటూరు యార్డుకి పోయే మిరపకాయల లారీ ఎక్కింది. స్లాబు నడిమికి విరిగి దిగిపోయింది. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. పగులు పెరిగిందేమో చూద్దామని మస్తాన్ కింద ఉన్నాడు. రెండు కాళ్లూ నుజ్జు. బస్తాలు పగిలి ఒకటే ఘాటు — దగ్గుతూ, కళ్లు మండుతూనే రాళ్లు లాగాం.

ఫిబ్రవరి 15
విచారణ మొదలైంది. "నేను తీయమనలేదండి. సైట్ ఇంజనీరు, ఈ అమ్మాయే తొందరపడింది." నా ముందే అన్నారు సార్. నా వంక చూడనైనా లేదు. పరీక్ష కాగితం ఫైల్లో లేదు. ఆర్డర్ బుక్కులో తొమ్మిదో తారీఖు పేజీ తెల్లగా ఉంది.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటుంది అమ్మ. తండ్రి లెక్కన చూశాను ఆయన్ని.

ఫిబ్రవరి 17
సార్ ఇంటికొచ్చారు. అమ్మ కాఫీ ఇస్తే తాగారు కూడా. టైపు చేసిన కాగితం తెచ్చారు. మేస్త్రీ ఎవర్నీ అడక్కుండా బాదులు తీశాడని... కింద నా పేరు, సంతకానికి ఖాళీ. "వాడికి పోయే ఉద్యోగం ఏముంది అమ్మాయ్? మనిద్దరం బయటపడతాం."
ఆయన మాటకి రాత అక్కర్లేదు. నా మాటకి మాత్రం కావాలి.

ఫిబ్రవరి 18
కాగితం బల్ల మీదే ఉంది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, కేసూ నా మీదకే. పెన్ను మూత రెండుసార్లు తీశాను. పెట్టేద్దామనే అనిపించింది. ఈ డైరీలో కూడా అబద్ధమెందుకు.

ఫిబ్రవరి 19
గుంటూరు ఆస్పత్రికి వెళ్లాను. మస్తాన్‌కి కుడికాలు తీసేశారు. విచారణ వాళ్లు పొద్దున్నే వచ్చి, తీయమన్నదెవరని అడిగి వెళ్లారట. నేను అడక్కుండానే అతనే అన్నాడు.
"మీ పేరు చెప్పలేదమ్మా. ఎట్టాగూ మీరే చెబుతారుగా."
కాగితం బ్యాగులోనే ఉంది. చించలేదు. రేపు పదింటికి విచారణలో నా వంతు.