జానెడు ఊపిరి

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. నీ అల్లుడి దగ్గు తగ్గింది. నీ మనవరాలు పరీక్షలు గట్టెక్కింది. నా ఒక్కదాని నోటికే ఈ నెలంతా తీరిక లేకుండా పోయింది. అక్కడ నీ మోకాలూ, నీ సంగీతం బడి పిల్లలూ, కింది వాటా ఆవిడ కుక్కా అన్నీ బాగున్నాయనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని అప్పుడే కోప్పడకు. కోప్పడడానికి ఇంతకంటే పెద్ద కారణం ఈ ఉత్తరంలోనే ఉంది.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. ఫ్లూటు మూతల కింద వేసే మెత్తలు దొరికాయి, సోమవారం పార్శిల్ చేశాను. వాద్యాల పాత దుకాణం ఆయన ఇంకా నిన్ను అడుగుతున్నాడు, "అమ్మగారు ఇప్పటికీ పిల్లల్ని ఏడిపిస్తున్నారా" అని. ఏడిపిస్తోందనే చెప్పాను. ఇక మీ ఆర్కెస్ట్రాని నడిపిన కండక్టరు, మన బెత్తం మాస్టారికి సన్మానమట నిజమేనా, పాత వాద్యగాళ్ళందరికీ పిలుపు వచ్చింది, నన్ను రమ్మంటావా వద్దంటావా అని రాశావు. నిజమే. సన్మానం చేస్తున్నది మా రికార్డుల సంఘమే. రావాలో వద్దో చివర్లో చెప్తాను.

మూడో ప్రశ్న నువ్వు ఉత్తరం అంచున నిలువుగా ఇరికించి రాశావు. "ఆ రికార్డులో నా ఊపిరి కోసినవాడు ఇంకా ఉన్నాడా? ఉంటే సభలో చూపించు. కొట్టనులే. ఒక్క మాట అడగాలి." ఇరవై ఆరేళ్ళుగా నువ్వు అడుగుతున్నది ఇదొక్కటే. ప్రతిసారీ మాట తప్పించాను. ఈసారి తప్పించను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పనివ్వు, మధ్యలో ఉత్తరం విసిరి కొట్టకు.

మా సంఘం ఈ ఏడు ఒక పెద్ద పని నెత్తిన వేసుకుంది. ఒకే స్వరకర్త రాసిన తొమ్మిది సింఫనీలనీ పూర్తిగా రికార్డు చేసిన కండక్టర్లు ఐదుగురు. వాళ్ళలో ఎవరి సెట్టు అందరికంటే గొప్పదో తేల్చాలి. తేల్చేవాళ్ళం ఐదుగురం. అధ్యక్షుడు రిటైరైన పళ్ళ డాక్టరు. తర్వాత పత్రికలో సంగీతం గురించి రాసే ఆయన, రికార్డుల దుకాణం ఆయన, ఒక పియానో టీచరమ్మ, నేను. ఏ సెట్టు ఎవరిదో మాకు తెలియకూడదని లైబ్రేరియన్ తెర వెనక కూర్చుని టేపు వేస్తాడు, నంబరు మాత్రం చెప్తాడు. తెరకి ఇవతల మేం పరీక్ష రాసే పిల్లల్లా కాగితాలు చేత్తో మూసుకుని మార్కులు వేసుకుంటాం. పళ్ళ డాక్టరు పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూస్తాడు, అది వేరే సంగతి.

మూడో నంబరు సెట్టు మొదలైన అయిదు నిమిషాలకే అది బెత్తం మాస్టారిదని నాకు తెలిసిపోయింది. అయినా నాకు ఆయనంటే ఉన్న కోపం మార్కుల్లోకి రానివ్వలేదమ్మా. నువ్వు నేర్పిన చెవి ఇది, దాంతో దొంగ తూకం వెయ్యను. ఐదో సింఫనీకి పదికి తొమ్మిదిన్నర వేశాను. ఆ లావు తీగల డబుల్ బాస్ వాళ్ళని అంత కట్టుగా నడిపించినవాళ్ళు ఇంకొకరు లేరు. కానీ ఆరోదాంట్లో వాన పడుతుంది, ఎవరూ తడవరు. ఏడోదాంట్లో పరుగు ఉంది, ఆయాసం లేదు. ఎనభై మంది కూర్చుని వాయిస్తున్నారు, ఒక్కరైనా ఒక ఇంట్లోంచి లేచి వచ్చిన మనిషిలా వినపడరు. నా కాగితంలో అదే రాశాను, మొత్తం మీద నా లెక్కలో ఆయన మూడోవాడు.

ఇక నాలుగోదాని రెండో భాగం సంగతి. నీకు చెప్పాలా? తీగ వాద్యాలన్నీ సన్నగిల్లి ఆగిపోతాయి. అక్కడ ఒక మౌనం. ఆ మౌనంలోంచి ఫ్లూటు ఒక్కటే పైకి లేస్తుంది. పత్రికాయన పెన్సిలు కింద పెట్టేసి, "ఇంకా తెర ఎందుకండీ! లోకంలో ఈ మౌనం ఒక్కరిదే" అన్నాడు. ఆయన దాని మీద పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడులే. పళ్ళ డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. రికార్డుల దుకాణం ఆయన ఆ మౌనం పేరు చెప్పుకునే ఇన్నేళ్ళుగా ఆ రికార్డుని అమ్ముతున్నాడు.

మార్కులు కూడగానే బెత్తం మాస్టారే గెలిచాడని తేలి, సన్మానానికి పిలుపులు కూడా పంపేశారు. బుధవారం మధ్యాహ్నం తీర్పు రాసి సంతకాలకి తెచ్చారు. అందులో మొదటి వాక్యమే ఇది: "శబ్దం కంటే గొప్పదైన ఆ ఒక్క సెకను మౌనం చాలు, ఈ మహానుభావుణ్ణి అందరికంటే ఎత్తున నిలబెట్టడానికి." నలుగురూ చేతులు జాపి కలం కోసం చూస్తున్నారు. కాగితం ముందు నా దగ్గరికే వచ్చింది.

"నేను సంతకం పెట్టనండీ" అన్నాను.

"మార్కుల్లో తేడా ఉంటే సర్దుకుందామమ్మా" అన్నాడు పళ్ళ డాక్టరు. "మన సంఘం పుట్టి నలభై ఏళ్ళు. ఐదు సంతకాలూ లేని తీర్పు ఒక్కటీ లేదు."

"మార్కులు కావండీ. ఆ మౌనం ఆయనది కాదు."

"ఆయనది కాకపోతే ఎవరిదట?"

"నాది."

పత్రికాయన పకపకా నవ్వాడు. "మీరప్పుడు టేపులు అతికించే పిల్ల కదమ్మా!"

"ఆ అతికించిన పిల్లనే చెప్తున్నాను" అన్నాను.

అమ్మా, ఇక్కడ కాస్త ఆగి నీళ్ళు తాగు. నీ ఊపిరి కోసింది మా టేపుల గదిపెద్ద కాదు. ఇన్నేళ్ళూ నువ్వు ఆయన్నే తిట్టుకున్నావు, నేను తిట్టనిచ్చాను. ఆయన చాలా మంచివాడు, కిందటేడు పోయాడు. ఆ రోజు కత్తి పట్టుకున్నది నేను.

నేను ఆ గదిలో పనికి చేరి అప్పటికి నాలుగు నెలలు. మా యంత్రం మీద టేపు సెకనుకి రెండు జానలు పరిగెత్తేది. ఫ్లూటు ఎత్తుకునే ముందు నువ్వు తీసుకున్న ఊపిరి సరిగ్గా జానెడు. దాన్ని కోసి, తీసిన చోట అంతే పొడుగున్న నిశ్శబ్దం అతికించాలి. ఏమీ మోగని హాలుని రికార్డు చేసిన టేపుని ముందే ముక్కలు కోసి గోడకి మేకులకు వేలాడదీసేవాళ్ళం. మొదటి మేకుకి జానెడువి, రెండో మేకుకి రెండు జానలవి. కంగారులో మేకు పొరబడ్డాను. రెండో మేకు మీది ముక్క తీసి అతికించేశాను. అర సెకను ఉండాల్సింది సెకను అయి కూర్చుంది.

మర్నాడు బెత్తం మాస్టారు వచ్చి విన్నాడు. ఆ చోటు రాగానే నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, "ఇదీ నేను అనుకున్నది. ఒక్క వెంట్రుక కూడా కదపొద్దు" అన్నాడు. ఇంకో ఏడాదికి కచేరీల్లో కూడా అక్కడ చెయ్యి పైకెత్తి సెకను పాటు ఆపడం మొదలుపెట్టాడు. నా పొరపాటుని చూచిరాత రాశాడమ్మా ఆ మహానుభావుడు! నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ఫ్లూటు వాళ్ళందరూ ఆ సెకనంతా ఊపిరి బిగబట్టుకుని చచ్చారు.

పత్రికాయన ఆధారం అడిగాడు. మర్నాడు పట్టుకెళ్ళాను. నేను కోసిన ముక్కని చెత్తబుట్టలో వెయ్యలేదు. పిప్పరమెంటు డబ్బాలో చుట్టి, ఎన్ని ఇళ్ళు మారినా వెంట తెచ్చుకున్నాను. నీ అల్లుడికి కూడా మొన్ననే చూపించాను. "మాస్టారు ఎనభై ఏడేళ్ళాయన, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఇప్పుడెందుకే ఈ గొడవ?" అన్నాడు. "మా అమ్మకి డెబ్భై మూడు. ఆవిడ కూడా ఎదురు చూస్తోంది" అన్నాను. వెంటనే చొక్కా వేసుకుని నన్ను సంఘం దాకా దింపాడు.

సంఘం లైబ్రరీలో ఆ రికార్డుకి టేపు నకలు ఉంది. లైబ్రేరియన్ పాత యంత్రం మీద గుడ్డ తీశాడు. మిగతా నలుగురి ఎదుటే ఆ మౌనం రెండు జానలూ కోసి, నీ జానెడూ అతికించాను. ఈసారి కొలత తప్పలేదు. టేపు తిప్పాం. తీగలు సన్నగిల్లాయి. ఆగాయి. నువ్వు ఊపిరి తీసుకున్నావు. తర్వాత ఫ్లూటు లేచింది, ఆ ఊపిరిలోంచే.

పియానో టీచరమ్మ, "అక్కడ ఎవరో ఉన్నారు. ఇన్నేళ్ళూ ఎవరూ లేరనుకున్నాను. మళ్ళీ ఒకసారి వెయ్యండి" అంది. మూడుసార్లు వేయించుకుంది.

పత్రికాయన తేరుకుని, "ఒప్పుకుంటాను. కానీ ఎంతైనా అది లోపమే కదా" అన్నాడు.

"ఏది లోపమండీ? బతికున్న మనిషి ఊపిరి పీల్చడమా?" అన్నాను. గొంతు పెద్దదైంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోను.

పళ్ళ డాక్టరు జీవితమంతా అందరి నోళ్ళూ తెరిపించినాయన, నా నోరు మూయించడానికి ఆ రోజు శతవిధాలా చూశాడు. సభ పదిరోజుల్లో ఉంది, హాలు బుక్ చేశాం, పరువు పోతుంది అన్నాడు. కుదరక, రాజీనామా ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. తీసెయ్యాలంటే తీసెయ్యండి, కారణం రాసి మరీ తీసెయ్యండి అన్నాను. టీచరమ్మ తన కలానికి మూత పెట్టేసి సంచిలో వేసుకుంది. చివరికి తీర్పు మూడు సంతకాలతోనే వెళ్తోంది. సన్మానం ఆగదు. నన్ను కమిటీలోంచి తీసేశారు. కానీ తీర్పు అడుగున నా మాట రాయకుండా కాగితం వదల్లేదు: "ఐదో సింఫనీకి ఈయన్ని నెత్తిన పెట్టుకోవచ్చు. నాలుగోదాని మౌనానికి మాత్రం ఈయనకి ఏ సంబంధమూ లేదు. అది ఒక ఫ్లూటు వాద్యకారిణి ఊపిరిని కోసిన గాయం. కోసింది నేను." టేపుని కూడా మునుపటిలా మార్చనివ్వలేదు. డబ్బా మీద కొత్త చీటీ అంటించి నీ పేరు రాశాను. లైబ్రేరియన్ దాన్ని అలమారలో కళ్ళకి కనిపించే అరలో పెట్టాడు.

ఇంతవరకూ రాసింది చదివి నువ్వు నన్ను కాస్త మెచ్చుకుంటూ ఉంటావు. పైవాడు కొయ్యమన్నాడు, చిన్నపిల్ల, ఏం చేస్తుందిలే అనుకుంటూ ఉంటావు. అలా అనుకోకు. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఈ పేరా కోసమే పది రోజులు పట్టింది.

ఆ ఊపిరిని ఎవరూ వినలేదమ్మా. గదిపెద్ద వినలేదు. ఇంజనీరు వినలేదు. బెత్తం మాస్టారు రెండుసార్లు విని తల ఊపి లేచి కోటు వేసుకుంటున్నాడు. నేను విన్నాను. చిన్నప్పుడు పక్క గదిలో నువ్వు సాధన చేస్తుంటే ఆ ఊపిరి వింటూ నిద్రపోయినదాన్ని, నేను వినకుండా ఎలా ఉంటాను? అది నీదని తెలుసు. తెలిసే నోరు తెరిచాను. "అక్కడ ఒక ఊపిరి వినపడుతోందండీ" అన్నాను. నాలుగు నెలల కిందట చేరిన పిల్లకి ఎంత చెవి ఉందో అందరూ చూడాలని. చూశారు. ఆయన ఆ కోటు తీసి మళ్ళీ కూర్చుని విన్నాడు. "నా బృందంలో ఊపిరితిత్తులు వినపడకూడదు" అన్నాడు, నా భుజం తట్టాడు. ఆ సోమవారం నిన్ను మొదటి కుర్చీలోంచి లేపి రెండో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆరు నెలలకి నువ్వు ఫ్లూటు పెట్టె సర్దుకుని ఇప్పుడున్న ఆ ఊరు వెళ్ళిపోయావు. రైలు దగ్గర నువ్వు నన్ను, "అది కోసినవాడెవడే?" అని అడిగావు. గదిపెద్ద అన్నాను.

అందుకే బుధవారం సంఘంలో అంత గట్టిగా నిలబడ్డాను. నన్ను చూసి అందరూ ధైర్యస్థురాలంటున్నారు. ధైర్యం కాదు, ఇరవై ఆరేళ్ళ సిగ్గు. క్షమించమని అడగను. అడిగితే నువ్వు జాలిపడి "పోనీలే" అంటావు. ఆ "పోనీలే" నాకు వద్దు. నాకు పడాల్సిన మాట పడాలి.

కాబట్టి సభకి రా. తప్పకుండా రా. వచ్చే శనివారం సాయంత్రం, స్టేషనుకి నేనే వస్తాను. నాకు పిలుపు లేదు, అయినా వస్తాను, ఎవరు ఆపుతారో చూస్తాను. ముందు వరసలో, ఆయన కుర్చీకి ఎదురుగా నీకు చోటు పట్టి పెడతాను. టీచరమ్మ నీ పక్కన కూర్చుంటానని ఇప్పుడే చెప్పింది. సభ మొదలయ్యే ముందు లైబ్రరీకి తీసుకెళ్ళి నీ టేపు నీకు వినిపిస్తాను.

నువ్వు అడగదలచుకున్న ఆ ఒక్క మాటా నన్ను అడుగు. ఇంట్లో అడుగు, స్టేషనులో అడుగు, నిండు సభలో లేచి నిలబడి అడుగు. అడిగే ముందు ఊపిరి తీసుకుంటావు కదా, నిండుగా, హాలంతా వినపడేలా తీసుకో. ఈసారి నేను ఎవరికీ చెప్పను.

ఇట్లు,
నువ్వు వెతుకుతున్న ఆ మనిషి,
నీ పెద్దకూతురు