పదహారో రీలు

అమలాపురం,
22-2-1979

ప్రభువునందు ప్రియమైన దేవదానం మావయ్యగారికి,

సలోమి వందనాలు. మీకు ఇప్పుడే రాయవలసి వచ్చింది. వచ్చే శుక్రవారం ఇక్కడికి 'పసుపు గడప' సినిమా మళ్ళీ వస్తోంది. దాని ఆఖరు ఏమిటో నిజంగా తెలిసినవారు మీరొక్కరే.

నేను దీనమ్మ కూతుర్ని. మా లంకకు ఎదుటి గట్టున మీరు టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా ఉన్నప్పుడు నాకు మూడేళ్ళు. ఇప్పుడిక్కడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరాను. అమ్మ నా దగ్గరే ఉంటోంది.

అమ్మను కొట్టి, పద్దెనిమిదేళ్ళు మా మొహం చూడని నాన్న, నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి, అమ్మను కాపురానికి రమ్మని పాస్టరు కృపానందం అయ్యగారి చేత కబురు పెట్టాడు. అమ్మ కాదనలేదు. "ఆ సినిమా ఇంకోసారి చూసి చెప్తానండి" అంది.

"నా మాట కన్నా బొమ్మ మాట ఎక్కువైందా దీనమ్మా?" అన్నారు అయ్యగారు నవ్వుతూ.

"ఆయ్. ఈ ఒక్క విషయంలోనేనండి."

మా లంకలో అందరికీ తెలిసిన ఆఖరు ఇది: భార్య బిడ్డను చంకనేసుకుని రేవుకొస్తుంది, నావ కదులుతుంది, అయిపోతుంది. అది చూసే అమ్మ ఇల్లు విడిచిందని నా నమ్మకం. కానీ మా స్కూల్లో రాజోలు టీచరు, సినిమాలో భార్య తిరిగొచ్చి భర్త కాళ్ళ మీద పడుతుందంటుంది. కొత్తపేట రత్నమాల టీచరు, కాదు, భర్తే వచ్చి తీసుకెళ్తాడంటుంది. ఇద్దరూ కళ్ళారా చూశారట. రావులపాలెం హాల్లో అడిగితే "పెట్టెలో ఏది వస్తే అదే వేస్తామమ్మా" అన్నారు. పాత పాటల పుస్తకం సంపాదించాను. అందులో "మిగతా కథ వెండితెరపై" అని ఉంది.

ఏది అసలు సినిమా? ఊళ్ళో చెప్పుకున్నట్టు, జనం చివరి నావ అందుకోవాలని ఆఖరు మీరే కోశారా? ఇక్కడికి వచ్చేది కాళ్ళ మీద పడేదయితే ఏదో వంక చెప్పి అమ్మను ఆపేస్తాను. అది చూసి ఎక్కడ వెళ్ళిపోతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.

దీనమ్మ కూతురు,
సలోమి


రావులపాలెం,
26-2-1979

అమ్మాయి సలోమిని మావయ్య దీవించి రాయునది.

మీ లంకవాళ్ళు నా మీద గౌరవం కొద్దీ నేరం నావ మీద పెట్టేరు. 'శుభం' పడేదాకా ఆ సరంగు తాడే విప్పేవాడు కాదు. వాడికీ సినిమా కావాలి.

అది పదహారు రీళ్ళ సినిమా. పదహారో దాంట్లో ఆవిడ తిరిగొచ్చి కాళ్ళ మీద పడుతుంది. జనం పెదవి విరిచేరని, భర్త వచ్చే రీలు ఇంకోటి తీసి కొన్ని పెట్టెల్లో పెట్టేరు. అమలాపురం వచ్చేది మొదటిదేనట, కనుక్కున్నాను.

ఇక నీకు తెలియనిది. మొదటి ఆటకు ముందురోజు మధ్యాహ్నం మీ అమ్మ డేరాలో ఇసక పోయడానికి కూలికొచ్చింది. నిన్ను గుంజ పక్కన కూర్చోబెట్టింది. అప్పటికే ఇల్లు వదిలి నెలయింది. నేను రీళ్ళు సరిచూసుకుంటున్నాను. "ఆఖర్ని ఏమవుద్దండీ?" అంది. ఫిల్ము ఎండకు పట్టి చూపించేను. చిన్న చిన్న బొమ్మలు, అన్నీ చూసింది. "రేపట్నుంచి లంకంతా నాకు ఇదే చెప్తారు. వెయ్యకండి అన్నగారూ" అంది. వెయ్యలేదు. రీలు పాడయిందని యజమానికి అబద్ధం చెప్పేను.

కాబట్టి నువ్వు దాచేదేమీ లేదు. తీసుకెళ్ళు.

దేవదానం


అమలాపురం,
6-3-1979

ప్రియమైన మావయ్యగారికి వందనాలు.

శనివారం మ్యాట్నీకి తీసుకెళ్ళాను. మీ ఉత్తరం సంగతి చెప్పలేదు. ఆఖరి రీలు వచ్చేసరికి తెర వదిలేసి అమ్మ మొహమే చూస్తున్నాను. సినిమాలో ఆవిడ భర్త కాళ్ళ మీద పడింది. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. లైట్లు వెలిగాక అమ్మ చీర దులుపుకుని "పద" అంది.

బస్టాండు దగ్గర ఉండబట్టలేక అడిగాను. "ఎండలో చూసిందే కదమ్మా, మళ్ళీ ఎందుకు?"

"చెప్పేశారూ ఆయన?" అని నవ్వింది. "జనానికి జడిసి ఆపించేననుకున్నారు పాపం. జనానికి కాదే. అంత తెర మీద, ఆ ఏడుపూ పాటా వింటే నేనే పోతానేమోనని. అప్పట్లో కాళ్ళు అటే లాగేవి. ఇవాళ మొత్తం చూసేను. లాగలేదు."

మర్నాడు ఆరాధన అవగానే అయ్యగారికి తనే చెప్పింది, రానని. ఆయన ఒప్పుకోలేదు. పద్దెనిమిదో తేదీ ఆదివారం పెద్దలను కూర్చోబెడతారట. నాన్న తరఫున నలుగురు వస్తున్నారు. అమ్మ తరఫున నేను మాట్లాడతానన్నాను.

"చదువుకున్నావు గానీ, కూతురి మాట వినరే వాళ్ళు. అన్నగారు రావాలి" అంది.

మీరు ఆ రోజు పక్కన కూర్చుంటే చాలు. వస్తారో రారో, పద్నాలుగో తేదీలోపు మాకు అందేటట్టు ఒక కార్డు ముక్క రాయండి.

మీ మేనకోడలు,
సలోమి