టీల్మన్‌కు ఇల్లు, సినిమాలోని సారెల్‌కు ఏమీ లేదు

దక్షిణాఫ్రికా కారూ ప్రాంతం రోయ్‌క్లిప్ ఊరి నివాసి, కీర్తిశేషులు సారెల్ క్రీల్ గారి భార్య ఆలెట్టా క్రీల్ అనే నేను, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. మతి ఉంది. కోపమూ ఉంది. లాయర్ ఫౌరీ గారు దీని అమలుదారు. పాత వీలునామాలన్నీ రద్దు.

1. నా కూతురు మర్లీస్‌కు పియానో, వెండి చెంచాలు. ఇల్లు మాత్రం ఇవ్వను. మా ఇంటి గొడవను సినిమాగా తీసి చర్చి హాల్లో ఊరందరికీ చూపించిందని కాదు, అబద్ధం చూపించిందని.

మన వాళ్లు మొదటి మనవడికి తండ్రి తండ్రి పేరే పెడతారు. నా కొడుకు బారెండ్ తన కొడుక్కి మామగారి పేరు పెట్టాడు, టీల్మన్ అని. "ఈ ఇల్లు నా పేరు మోసేవాడిదే, ఇంకెవడిదీ కాదు" అని సారెల్ పళ్లు కొరికాడు. క్రీల్ పిల్లలందరికీ బాప్తిస్మానికి తొడిగిన తెల్ల గౌనును పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ చలికాలంలోనే పోయాడు. బారెండ్ శ్మశానం గేటు దాకా వచ్చి, నాతో మాటైనా ఆడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. జరిగింది ఇదీ.

సినిమాలో? కొడుకు పసివాణ్ణి తెచ్చి, చావుమంచం మీదున్న ముసలాయన చేతిలో పెట్టి, "నాన్నా, వీడి పేరు సారెల్" అంటాడు. తల్లి, అంటే నేను, పరుగున వెళ్లి గౌను పెట్టె తెరుస్తుంది. హాలంతా ముక్కులు చీదడమే! నా వేషం వేసిన అమ్మాయి ముందే మా వంటింటికొచ్చి, "మీరెలా ఏడుస్తారమ్మా?" అని అడిగింది. తలుపేసుకుని ఏడుస్తాను, నీకెలా చూపించను అన్నాను. ఇప్పుడు ఆదివారం చర్చి మెట్ల మీద పక్కింటి డోర్కాస్ నన్ను వాటేసుకుని, "ఆలెట్టక్కా, ఎంత పెద్ద మనసే నీది! చిన్న సారెల్ బాగున్నాడా?" అంటుంది. సారెల్‌ను సమాధి చేసిన రోజున అందరికీ కాఫీ పోసిన మనిషి ఆవిడ. అన్నీ తెలుసు. నాకు ఒళ్లు మండిపోతుంది.

2. నేను చేసే తీపి పాల టార్ట్ ఎలా చేయాలో డోర్కాస్‌కు ఎవరూ చెప్పకూడదు. అడుగుతుంది. చెప్పకండి.

3. ఈ ఇల్లు, వెనక పీచ్ పండ్ల చెట్లతో సహా, సర్వహక్కులతో నా మనవడు టీల్మన్ క్రీల్‌కు. వాడు మేజరయ్యేదాకా ఇల్లు ఫౌరీ గారి సంరక్షణలో ఉండాలి. సారెల్, నువ్వు పైనుంచి ఎంత అరిచినా సరే. నీ పేరున్న మనవడు సినిమా చూసినవాళ్లకే ఉన్నాడు. నాకున్నది టీల్మన్. ప్రతి క్రిస్మస్‌కూ వాళ్లమ్మ వాడి ఫొటో పంపుతుంది. ఈసారి ముందు పళ్లు ఊడి నవ్వుతున్నాడు, అచ్చం నీలాగే. ఫౌరీ గారూ, పేరు స్పష్టంగా రాయండి.

4. తెల్ల గౌను కూడా వాడికే. రేపు వాడి పిల్లలకు తొడగాలి, వాళ్లకు ఏ పేరు పెట్టుకున్నా సరే.

5. బారెండ్‌కు వాళ్ల నాన్న జేబు చాకు. మన్నింపు మాత్రం రాయడం లేదు. మర్లీస్ సినిమాలో నా తరఫున ఇచ్చేసిన ఆ మన్నింపు ఇంకా నా దగ్గరే ఉంది. అది నేను చచ్చాక పంచుకునే ఆస్తి కాదు. కావాలంటే నేను బతికుండగానే వచ్చి తీసుకోవాలి. ఫౌరీ గారు ఈ ఐదో అంశం నకలు వాడికి రేపే పంపాలి. పెరట్లోంచి వచ్చే వంటింటి తలుపుకు గడియ పెట్టడం మానేశాను.

రోయ్‌క్లిప్, 2023 ఆగస్టు 14
(సంతకం) ఆలెట్టా క్రీల్

సాక్షులు: హెండ్రిక్ మోస్టర్ట్, సుసారా నెల్