శనివారం మా ఇంటి వంతు

గద్వాల,
ఆదివారం

ప్రేమగల స్వరూపక్కకు,

ముందుగా నా రాతను, తప్పులను మన్నించు. ఏడో తరగతిలో బడి మాని రాట్నం పట్టినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. కోళ్లు కెలికినట్టున్నా ఓపికగా చదువు.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఇంట్లో నా చేతికి దొరికేది మా ఆయన ఫోనే. అది నేను పట్టుకోగానే మా అత్త అలివేలమ్మ "స్పీకర్ పెట్టు బిడ్డా, నేను గూడ ఇంట" అని పక్కన కూర్చుంటుంది. ప్రేమతోనే కూర్చుంటుంది. కానీ ఇది ఆమె వినకూడని సంగతి. నేసిన చీరలు ఇచ్చి నూలు తీసుకుపోవడానికి రేణుకమ్మ వారం వారం అమరచింత నుంచి ఇక్కడికి వస్తుంది కదా, ఆమె సంచిలో పెట్టి పంపుతున్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి భయం లేదు.

నన్ను ఇక్కడ చాలా బాగా చూసుకుంటున్నారు అక్కా. నా బాధ అదే.

మా వీధిలో నేతవాళ్ల భజన మందిరం ఉంది. ఊళ్లో సోమవారం ఒక గుంపు, గురువారం ఇంకో గుంపు వేరే గుళ్లలో పాడతారు గానీ, మా వీధికి శనివారమే. ఆ రోజు పొద్దు వాలగానే మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వస్తుంది. ఆడవాళ్లు మందిరం కడిగి ముగ్గు వేస్తారు, కూర్చొని పూలు కడుతూ వారం రోజుల ముచ్చట్లన్నీ కానిస్తారు. దశరథం తాత హార్మోనియం తెచ్చి పెడతాడు. ఒక్కో శనివారం ఒక్కో ఇంటి వంతు. దీపం ఆ ఇల్లే పెట్టాలి, శనగ గుగ్గిళ్లు ఆ ఇల్లే వండి తేవాలి, మొదటి పాట ఆ ఇంటి మనిషే అందుకోవాలి. వాళ్లు ఒక మాట అంటే మందిరమంతా తిరిగి అంటుంది. పాడేవాళ్లు లేకపోతే భజన తాళాలు పక్కింటి చేతికి పోతాయి. పోతే కొంపలేమీ మునగవు, కానీ ఆ వారమంతా నల్లా దగ్గర అదే మాట.

ఈ ఇంటి పాట నా ఆడబిడ్డ పుష్పది. ఆమె పెళ్లయి అచ్చంపేట పోయింది. అప్పటి నుంచి మా వంతు వచ్చిన ప్రతిసారీ మా అత్తకు గొంతునొప్పి వస్తోందట. ఎదురింటి బాలనాగమ్మ ఊరుకుంటుందా, "నీ గొంతునొప్పికి క్యాలెండర్ ఎవరు చూపిస్తరు అలివేలమ్మా, సరిగ్గ మీ వంతు నాడే వస్తది" అంటుంది.

నేను కాపురానికి వచ్చిన మొదటి శనివారం అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అందరికీ చెప్పింది. "పిల్లను చూడనీకె అమరచింత పోయినమా. ఇంక వాకిట్ల కాళ్లు కడుక్కుంటుంటిమి, లోపలి అర్రల నుంచి పాట. ఏం గొంతనుకున్నరు. పిల్ల మొఖం చూడకముందే, ఇగ ఈ పిల్లనే నా కోడలని దేవునికి మొక్కుకున్న."

నువ్వే చెప్పు అక్కా. మన ఇంట్లో పాడేది ఎవరు? నువ్వు. అమరచింత గుడిలో పండగొచ్చినా, ఎవరి ఇంట్లో పెళ్లయినా పిలిచేది నిన్ను. నలుగురిలో ఎవరైనా పేరు అడిగితే నాకు అది కూడా నోట రాదు. ఆమె విన్నది నీ గొంతు. తెచ్చుకున్నది నన్ను.

అప్పటి నుంచి నాకు పొద్దున మిరియాల పాలు. చల్లనీళ్లు ముట్టనివ్వదు. గొంతు పాడవుతుందని పులుపు పెట్టదు. చింతకాయ తొక్కు జాడీ అటక మీదికి ఎక్కించింది. పెరుగు మీది మీగడ ఆయనకు కూడా పెట్టకుండా నా కంచంలో వేస్తుంది. తింటుంటే గొంతు దిగదు. ఈ ప్రేమంతా నీకు రావలసింది, దారి తప్పి నా దగ్గరికి వస్తోంది అనిపిస్తుంది.

పైనెల మొదటి శనివారం మా ఇంటి వంతు. నేను పాడతానని వీధంతా తెలుసు. ఏం చెయ్యాలో రాయి. చదివి వెంటనే పొయ్యిలో పెట్టు. మరిచిపోకు.

నీ చెల్లెలు
నిరోష


గద్వాల,
బుధవారం

అక్కకు,

ఈసారి రాత ఇంకా పాడుగా ఉంటే నా తప్పు కాదు, కోపంలో రాస్తున్నాను. నేను అంత పెద్ద ఉత్తరం రాస్తే నువ్వు ఒక్క ముక్క రాసి పంపుతావా? "రాట్నం ముందర కూర్చొని, ఆ రోజు నేనెక్కడున్నానో గుర్తు చేసుకో" అని. ఇక్కడ నేను రోజంతా రాట్నం ముందరే కదా కూర్చునేది. పెళ్లిచూపుల రోజు మా అత్తవాళ్లు చెప్పిన బస్సు కాకుండా ముందు బస్సుకే వచ్చేశారు. నేను లోపలి అర్రలో రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాను, తల కూడా దువ్వుకోలేదు. నువ్వెక్కడున్నావో నాకేం తెలుసు? ఎక్కడున్నా పాడుతూనే ఉండి ఉంటావు. నీ నోరు ఎప్పుడు ఊరుకుంది గనుక.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. మొన్న శనివారం భజన మధ్యలో కరెంటు పోయింది. దశరథం తాత మైకు ఆగింది. ఆయన అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటే హార్మోనియం ఆగింది, తాళాలు ఆగాయి, పాట మాత్రం ఆగలేదు. అత్త ఎప్పటిలాగే ముందు వరుసలో తల ఊపుతూ, కళ్లు మూసుకొని, నిండుగా నోరు తెరిచి పాడుతోంది. నేను ఆనుకొని కూర్చున్నాను. దేవుడి ముందరి దీపం వెలుగులో పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఇన్నేళ్లుగా ఆమె పెదవులే ఆడిస్తోంది అక్కా. పుష్ప పాడుతుంటే సగం ఆ గొంతు ఈమెదే అనుకునేవాళ్లట అందరూ.

మొదట నవ్వొచ్చింది. ఇంటికి వచ్చాక దుఃఖం వచ్చింది. తనకు గొంతు లేదు కాబట్టి ఇంట్లోకి ఒక గొంతును తెచ్చుకోవాలని ఎంత ఆశపడిందో కదా. ఆ ఆశతో అమరచింత దాకా వచ్చి నన్ను తెచ్చుకుంది.

మా ఆయన కూడా ఎగతాళి మొదలుపెట్టారు. నిన్న మగ్గం గుంటలో నుంచి తల ఎత్తకుండానే "నువ్వు కండెలు చుడ్తుంటె నాకు రేడియో అక్కర్లేదు" అన్నారు. రాట్నం కిర్రు కిర్రుమంటోందని కాబోలు. ఏమీ అనకుండా లేచి ఇరుసుకు నూనె వేశాను. ఇప్పుడు చప్పుడు లేదు. మళ్లీ అనమను చూస్తాను.

ఒక నిర్ణయానికి వచ్చాను. శుక్రవారం అత్తకు నిజం చెప్పేస్తాను. శనివారం అందరి ముందు ఆమె తల వంచుకోవడం కంటే, ముందే చెప్పడం మేలు. వాళ్లు నన్ను తిట్టరు, అంత మంచివాళ్లు. కానీ ఆ మర్నాడు మిరియాల పాల గ్లాసు నా చేతికి రాకపోతే ఎట్లా తట్టుకోవాలో తెలియడం లేదు. పాలు కావాలని కాదు. ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు కొంగుతో నా మొహం తుడుస్తుంది.

అత్త పెదవుల సంగతి ఎవరికీ చెప్పకు. ఈ ఉత్తరం మాత్రం తప్పకుండా కాల్చెయ్యి.

నిరోష


గద్వాల,
సోమవారం

నా బంగారు అక్కకు,

నీకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా నన్ను ఇన్ని రోజులు ఏడిపించావు. ఉండు, నీ సంగతి చెప్తాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్తా నేనూ చాటలో శనగలు పోసుకొని రాళ్లు ఏరుతున్నాం. శనగలను చూస్తూనే అన్నాను, "అత్తమ్మా, ఆ పాట నాది గాదు."

"ఏ పాట?"

"అమరచింతల మీరిన్న పాట. అది మా అక్కది. నాకు పాడరాదు. మీరు మోసపోయిన్రు."

అత్త చాట కింద పెట్టింది. నేను తల ఎత్తలేదు.

"మీ అక్కంటె, ఆ పసుపుపచ్చ చీర పిల్లనేనా? స్వరూప?"

"అవు."

"ఆ పిల్ల నా ముంగటనే ఉండె గదనె. వాకిట్ల నిలబడి నా కాళ్ల మీద చెంబుతోని నీళ్లు పోస్తున్నది. లోపల పాట. 'ఎవరమ్మా పాడేది' అంటె నవ్వింది. 'మీరు చూడనీకె వచ్చిన పిల్లనే. రాట్నం తిప్పితే దానికి పాట అదే వస్తది. పాడుతున్నట్టు దానికే తెల్వదు' అన్నది. ఒక్క మనిషి వాకిట్ల నీళ్లు పోసుకుంట లోపట ఎట్ల పాడుతది?"

చేతిలోని రాళ్లను మళ్లీ శనగల్లోనే వేశాను అక్కా.

"ఈడికొచ్చినంక గూడ దినాం పాడుతనే ఉన్నవు" అంది అత్త. "చెప్తె సిగ్గుపడి ఆపుతవని ఎవ్వరం అనలె. నా కొడుకు శివుడు నీ పాటకే మగ్గంల నాడె ఇసురుతుండు. మొన్న వాని నోరు ఆగలే, ఏందో రేడియో అన్నడంట. నువ్వు పోయి రాట్నానికి నూనె పోసినవంట. వాడు మగ్గంల కూసొని ఒకటే నవ్వు."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. అమ్మమ్మ కండెలు చుడుతూ అనే పాట ఉంది కదా, అదేనట నేను పాడేది. నీ మీద ఒట్టు, ఒక్కనాడూ నా చెవికి వినపడలేదు.

"అయినా అత్తమ్మా, రాట్నం కాడ వేరు. నలుగుర్ల నోరు తెరిస్తె నాకు గొంతు పట్టుకుంటది."

అత్త వాకిలి వైపు చూసి, చాటను దగ్గరికి లాక్కొని, గొంతు తగ్గించింది. "నాకు గూడ."

"తెలుసు అత్తమ్మా. కరెంటు పోయిన నాడు చూసిన."

"చూసినవా? ఎవరికన్న చెప్పినవా?"

"అక్కకు రాసిన. కాల్చెయ్యమన్న."

"కాల్చిందో లేదో జర అడుగు" అని నవ్వి, కాసేపు శనగలు ఏరి, తనే చెప్పింది. "నేను గూడ కొత్త కోడలి లెక్కన ఒక్కసారి పాడిన. మందిరం నిండ జనం. మా అత్త వెనకకు తిరిగి, 'ఆ తలుపు కిర్రుమంటుంది, ఎవరన్న చూడున్రి' అన్నది. అందరు నవ్విన్రు. అప్పటి సంది పెదవులే. నిన్ను గట్ల అననియ్యను బిడ్డా. నీకు రాట్నం ఉంటెనే పాట వస్తదంటె, రాట్నమే తీస్కపోదాం."

నిజంగానే తీసుకుపోయాం. శనివారం మా ఆయన రాట్నం భుజాన పెట్టుకొని ముందు నడిచారు, వెనక అత్త నెత్తిన గుగ్గిళ్ల గంజు, ఆ వెనక నేను నూలు పట్టుకొని. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది.

దశరథం తాత అద్దాలు సవరించుకొని, "ఏందే అలివేలూ, మందిరంల మగ్గం పెడ్తవా?" అన్నాడు.

"నువ్వు హార్మోనియం తెచ్చుకుంటలేవా తాతా? ఇది మా కోడలి బాజా."

బాలనాగమ్మ "గుడికొచ్చి గూడ పని ఇడిచిపెట్టరేమమ్మా వీళ్లు" అంది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. దారం కొస కండెకు చుట్టబోతే రెండుసార్లు జారింది. అత్త వంగి కొస పట్టుకుంది. "దేవుని దిక్కు చూడకు, జనం దిక్కు చూడకు. దారం దిక్కు చూడు" అంది.

దారం వైపే చూశాను. రాట్నం తిప్పాను. దారం వేళ్ల మధ్య నుంచి సాగిపోతోంది, అంతే నాకు గుర్తు. తరువాత వెనక నుంచి వర్షం పడినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఏమిటా అని వింటే, మందిరమంతా అంటోంది,

"దారం నీది దేవుడా, చుట్టే చెయ్యి నాది
తెగిన కాడ ముడెయ్యి, నడిచే దారి నాది"

వాళ్లు తిరిగి అంటున్నారంటే ముందు ఎవరో అని ఉండాలి కదా. అప్పుడు తెలిసింది అక్కా, నేనే అని. మొదటిసారి నా గొంతు నా చెవితో విన్నాను. నీ అంత బాగా లేదు. కానీ నాదే. భయమేసి ఆపుదామనుకున్నాను, చెయ్యి ఆగితే కదా. అక్కడున్న ఆడవాళ్లందరూ రాట్నం దగ్గర పెరిగినవాళ్లే. నా చెయ్యి ఎక్కడ తిరుగుతుందో, మాట ఎక్కడ పడుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. దశరథం తాత హార్మోనియం మీద చేతులు తీసేసి తాళం వేస్తున్నాడు.

ఇంతలో నా కుడి పక్క నుంచి కిర్రుమని చప్పుడు. రాట్నానికి నూనె వేశాను కదా అనుకుంటూ తిరిగి చూశాను. అత్త. కళ్లు మూసుకొని, తల ఊపుతూ, ఈసారి నిజంగా పాడుతోంది. రాగం ఒక దారి, ఆమె ఒక దారి. నేను ఇంకొంచెం గట్టిగా అందుకున్నాను, ఆమె ఇంకొంచెం గట్టిగా అందుకుంది. కండె నిండేదాకా ఇద్దరం ఆపలేదు.

గుగ్గిళ్లు పంచుతుంటే బాలనాగమ్మ అడిగింది, "ఏమైంది అలివేలమ్మా, ఇయ్యాల నీ గొంతు గట్లుంది?"

"గొంతునొప్పి" అంది అత్త. "నీకు తెల్వదా, మా వంతు నాడే వస్తది."

ఆ కండె దేవుడి ముందు పెట్టి తెచ్చాం. మా ఆయన దానితోనే ఈ పొద్దు కొత్త చీర మొదలుపెట్టారు. ఇంటికి రాగానే అత్త అటక మీది చింతకాయ తొక్కు జాడీ దించింది. "పాట వేళ్లల ఉన్నది, గొంతుల గాదు, తిను" అంది. మిరియాల పాలు మాత్రం ఆపలేదు. ఇప్పుడు రెండు గ్లాసులు, ఒకటి తనకు.

దశరథం తాత వచ్చే నెలలో మా భజన గుంపును మన అమరచింతకు తీసుకొస్తాడట, ఒక శనివారం మీ గుడిలో పాడటానికి. రాట్నం మోసుకు రావడం కష్టం. అమ్మమ్మ రాట్నం దులిపి ఉంచు. నువ్వు నా పక్కన కూర్చొని పాడు, కానీ మొదటి మాట నాది.

పాత ఉత్తరాలు కాల్చావో లేదో అత్త అడగమంది. కాల్చకపోతే ఇక కాల్చనక్కర లేదు. ఈ ఉత్తరం ఆమెకు మొత్తం చదివి వినిపించాకే మడత పెడుతున్నాను. తలుపు మాట కొట్టెయ్యనా అంటే "ఉండనీ" అంది. దీన్ని పొయ్యిలో పెట్టకు. అమ్మకు చదివి వినిపించు, రేణుకమ్మకు చదివి వినిపించు, ఎవరు వింటానంటే వాళ్లకు చదువు. గట్టిగా చదువు.

రాట్నం పక్కన కూర్చొని రాస్తున్న
నీ చెల్లెలు
నిరోష