మొహం తిన్నగా పెట్టు

అక్కా,

పిలిస్తే పలకదని నేను నీ మరదలి మీద అరుస్తుంటే, కోపం తగ్గడానికి రోజుకొక్క ఫొటో తియ్యమన్నావు, అదీ కాసేపు ఊరికే చూశాకే. ఇరవయ్యేళ్లుగా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడికి పాఠాలా అని నవ్వుకున్నాను. అయినా రోజూ తననే తీశాను. కెమెరా ఎత్తి పిలిస్తే చాలు, మొహం పక్కకి తిప్పేసేది. అలవాటు కొద్దీ గడ్డం పట్టుకుని తిన్నగా పెట్టేవాణ్ణి.

నిన్న మాత్రం సరిచెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు పిలిచినా కుడిచెవే నావైపు తిప్పుతోంది. ఎడమ చెవి వినపడదా అని అడిగాను.

"రెండేళ్లయింది. మీకు తెలిసే గట్టిగా మాట్లాడుతున్నారనుకున్నానే!" అంది.

రేపు డాక్టరుకి చూపిస్తాను. నువ్వు తనకి ఫోన్ చేసినప్పుడు, నేను అరిచింది కోపంతోనని మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు