ఒక్క నల్ల గింజ

ప్రభువు చల్లగా చూసే మా శౌరక్కకి,

నీ చెల్లెలు లూర్దు చేతులు జోడించి వందనాలు చెబుతోంది. నువ్వూ, ఇన్నయ్య బావా, పిల్లలూ ఎలా ఉన్నారు? నీ మోకాళ్ళ నొప్పి ఏమైనా తగ్గిందా? మిరపకాయ కోతకొచ్చి ఉంటుంది, కూలీలు దొరక్క బావ ఎంత చిరాకు పడుతున్నాడో అనుకుంటున్నాను. నా ఆరోగ్యానికి లోటు లేదక్కా. చలికి పెదాలు పగిలాయి, అంతకు మించి ఏమీ లేదు. నువ్వు నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలమంతా మేం ఉత్తరాలు రాయకూడదు. క్రిస్మస్ వెళ్ళాక రాద్దామనుకుంటే మఠంలో ఒక పెద్ద పని తేలాల్సి వచ్చింది. అది తేలకుండా నీకు ఏమని రాయను? ఇప్పుడు తేలింది. చెబుతాను, కానీ మొదటి నుంచీ చెప్పనివ్వు. నా సంగతి నీకు తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిదాన్ని పోయిపోయి మాట్లాడకూడని మఠంలో పడ్డాను. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు కదా. నాకు రెండోది మాత్రం బాగా అబ్బింది.

ఈ కెనడాలో మంచు మోకాలి లోతు పడింది. బ్రాంప్టన్ ఊరు దాటాక, బస్సు ఆఖరి స్టాపు నుంచి ఇంకా కొంచెం నడిస్తే మా మఠం. ఇంకా చీకటి ఉండగానే గంట కొడతారు. అప్పుడు మొదలైన ప్రార్థన పూటపూటకీ వస్తూనే ఉంటుంది, మధ్యలో పని. పూజలో సత్ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పాలు మేమే కాల్చి చుట్టుపక్కల చర్చీలకి పంపుతాం. భోజనం దగ్గర ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళం నోరు మెదపకుండా తింటాం. ఉడకబెట్టిన బంగాళాదుంప, చారు లాంటిదొకటి, రొట్టె. తిండికి అలవాటు పడ్డానక్కా, నిజంగానే. సాయంత్రం ఒక గంట మాట్లాడుకోనిస్తారు. ఆ గంటలో రోజంతా దాచుకున్నది నేను గుక్క తిప్పుకోకుండా వాగుతాను, ముసలి సిస్టర్లు కుట్టుపని చేసుకుంటూ నవ్వుతారు.

నాకు అప్పగించిన పని తలుపు దగ్గర. తలుపంటే మనుషులు వచ్చే తలుపు కాదు. గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అలమర ఒకటుంది. బయటివాళ్ళు గంట నొక్కి, అందులో ఏదైనా పెట్టి తిప్పితే లోపలికొస్తుంది. వాళ్ళు నాకు కనపడరు, నేను వాళ్ళకి కనపడను. మాట మాత్రం వినిపిస్తుంది. ఈ రెండు మూడేళ్ళలో మన పిల్లలు చదువుకని తండోపతండాలుగా వచ్చారు కదా, లోపల ఒక తెలుగు సిస్టర్ ఉందని ఎలా తెలిసిందో ఏమో, సెలవు దొరికిన రోజున ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. చర్చీకి వెళ్ళేవాళ్ళు, గుడికి వెళ్ళేవాళ్ళు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా. "సిస్టర్, వర్క్ పర్మిట్‌కి అప్లై చేశా, ప్రేయర్ చేయండి" అంటారు. "సిస్టర్, షిఫ్టులు కట్ చేశారు" అంటారు. నేను మాత్రం ముందు "అన్నం తిన్నావా?" అనే అడుగుతాను. ఆ మాట అడిగితే చాలు, అవతల ముక్కు చీదిన చప్పుడు. వాళ్ళ కోరికలన్నీ మేం ప్రార్థనలో పైకి చదువుతాం. పి.ఆర్. అంటే ఈ దేశంలోనే ఉండిపోయే అనుమతి. పి.ఆర్. కోసం, పి.ఆర్. కోసం అని రోజూ వింటుంటే ఒక పెద్ద సిస్టర్ మొన్న నన్ను పక్కకి పిలిచి, "పాపం ఆ పి.ఆర్.కి జబ్బు కాస్త నయమైందా?" అని అడిగింది.

ఈ తలుపు దగ్గరే నాకు తంటా వచ్చింది. అప్పాలు కాల్చే గది చూసుకునే సిస్టర్ ఆగ్నెస్ అని ఉంది. నిలువెత్తు మనిషి, నడుం వంగలేదు, మాట కూడా అంతే. తలుపు దగ్గర అవసరమైన రెండు మాటలే మాట్లాడాలని నియమం. నేను ఇరవై మాట్లాడతాను. "ఇది మఠమా, బస్టాండా?" అని ఆమె మా మఠం పెద్ద, మదర్ గారి ముందే అడిగేసింది. నాకు చెవులు కాలాయక్కా. ఆమె చెప్పింది అబద్ధం కాదు, అందుకే ఇంకా మండింది.

ఇంకొకప్పుడైతే దులిపేసుకుని పోయేదాన్ని. కానీ నా మూడేళ్ళు నిండాయి. మన దేశంలోని మఠం నుంచి నన్ను ఇక్కడికి పంపేటప్పుడే నీకు చెప్పాను కదా, మూడేళ్ళు ఉండి చూడాలి, ఆ తర్వాత ఇక్కడి సిస్టర్లందరూ ఓటు వేయాలి. కాదంటే మన దేశానికి తిరిగి రావాలి. అవునంటే చనిపోయేదాకా ఇక్కడే. ఓటుకి కాగితాలు ఉండవు. ఒక్కొక్కరికి ఒక తెల్ల చిక్కుడు గింజ, ఒక నల్ల గింజ ఇస్తారు. పెట్టె లోపల చెయ్యి పెట్టి ఏదో ఒకటి వదలాలి. తెలుపు ఉండమని, నలుపు వద్దని. ఆగ్నెస్ సిస్టర్ చేతిలో ఏది పడుతుందో నాకు అనుమానమే లేదు. ఆమె మాట విని ఇంకొందరు నల్లదే వేశారంటే నా పని అయినట్టే.

ఓటు క్రిస్మస్ తర్వాత పెట్టారు. ఈలోగా పసిబిడ్డల పండుగ వచ్చింది, బాలయేసును చంపాలని హేరోదు రాజు చంపించిన పసిబిడ్డల పేరున చేసుకునేది. ఆ రోజు మఠంలో అందరికంటే చిన్నదాన్ని మదర్‌ని చేయడం ఆచారం. ఇక్కడ నా తర్వాత చిన్నావిడకే అరవై దాటాయి, కాబట్టి మూడేళ్ళుగా ఆ కుర్చీ నాదే. మదర్ గారు తాళాలు నా చేతికిచ్చి, వెళ్ళి అందరికంటే చివర నిలబడతారు. ఆట అనుకునేవు, ఆ రోజు నేనేం చెప్పినా చేయాల్సిందే. మదర్ గారిని బంగాళాదుంపలు చెక్కు తీయమన్నాను. భోజనం దగ్గర అందరూ మాట్లాడుకోవచ్చన్నాను. మన పిల్లలెవరో తెచ్చిచ్చిన చింతపండుతో పులిహోర కలిపాను. ఆగ్నెస్ సిస్టర్‌ని మాత్రం తలుపు దగ్గర కూర్చోమన్నాను. కాస్త కసితోనే అన్నాను, నీ దగ్గర దాచడమెందుకు? ఆమె తల వంచి, "సరే మదర్" అని వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు రవళి వచ్చింది. నరసరావుపేట వైపు పిల్ల, గోడౌన్లో పని చేస్తూ చదువుకుంటోంది. వాళ్ళ మధ్య జరిగింది తర్వాత ఇద్దరూ నాకు చెప్పారు. తెలుగు సిస్టర్ లేరా అని రవళి అడిగితే, "ఈ రోజు ఆమె మదర్" అందట ఈవిడ. ఈ పిల్ల నాకు ప్రమోషన్ వచ్చిందనుకుని కంగ్రాట్స్ చెప్పమందట. చెప్పి, అక్కడే బల్ల మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

లోపల మధ్యాహ్నం ప్రార్థనకి గంట కొట్టారు. అందరం వచ్చాం. ఆగ్నెస్ సిస్టర్ రాలేదు. ఆమె ఆలస్యంగా రావడం అక్కడున్న ఎవ్వరూ ఎన్నడూ చూడలేదు. సగం కీర్తనలు అయ్యాక వచ్చింది. ఆలస్యమైన వాళ్ళు భోజనానికి ముందు మదర్ కుర్చీ ముందు మోకరించి క్షమాపణ అడగాలి. ఆ కుర్చీలో ఉన్నది నేను. అంత మనిషి బల్ల పట్టుకుని మెల్లగా వంగి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

నాకు ఎటు చూడాలో తెలియలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. శిక్ష చెప్పేదాకా ఆమె లేవదు. "ఇంకో గరిటె పులిహోర తినండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె తిన్నది, కారానికి కళ్ళు తుడుచుకుంటూ మొత్తం తిన్నది.

"ఏం జరిగింది సిస్టర్?" అని అడిగాను.

"ఆ పిల్ల ఉండే బేస్‌మెంట్ గదిలో అయిదుగురట. ఏడవడానికి కూడా చోటు లేదంది. మనకు చోటుంది కదా, కూర్చోమన్నాను. నీ పులిహోర కొంచెం పెట్టి తిప్పాను." కారానికి నీళ్ళు తాగి మళ్ళీ అంది, "రెండు మాటలతో అయ్యే పని కాదు అది."

అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మర్నాడు మామూలే, గిన్నె చప్పుడు చేశానని కళ్ళెర్రజేసింది.

ఓటు రోజున నన్ను బయట కూర్చోబెట్టి తలుపు మూశారు. జపమాల చేతిలో ఉంది కానీ ఒక్క పూస జరిగితే ఒట్టు. అక్కా, ఆ రోజే నాకు తెలిసింది నాకేం కావాలో. అప్పటిదాకా వద్దంటే వద్దు, హాయిగా మా అక్క దగ్గరికి పోతాననుకునేదాన్ని. ఆ తలుపు ముందు కూర్చుంటే, నన్ను వద్దంటారేమోనని భయం పట్టుకుంది. మదర్ గారు తలుపు తీసి, "నిన్ను తీసుకున్నాం. ఒక్కటి తప్ప అన్నీ తెల్లవే" అన్నారు. సంతోషమే. కానీ నా బుద్ధి చూడు, నా మనసంతా ఆ ఒక్క నల్ల గింజ చుట్టూ తిరిగింది. పులిహోర తిని కూడా నల్లదే వేసిందా అని ఆగ్నెస్ సిస్టర్ మీద లోలోపల కుతకుతలాడిపోయాను.

సిస్టర్ మార్గరెట్ గురించి నీకు రాశానుగా. తొంభై దాటిన ఆవిడ, నన్ను సొంత మనవరాలిలా చూసుకుంటుంది. మొన్న ఆవిడకి గోళ్ళు తీస్తుంటే నా ముఖం చూసి, "ఎందుకలా ఉన్నావు?" అంది. ఏమీ లేదన్నాను. "ఆ నల్ల గింజ గురించేనా?" అంది. నేను ఇంకో వేలు అందుకున్నాను.

"చెప్పకూడదు, కానీ చెబుతాను. ఈ వయసులో నన్నెవరు శిక్షిస్తారు? అది నేనే వేశాను."

నేను గోళ్ళ కత్తెర పక్కన పెట్టేశాను.

"మేమంతా పెద్దవాళ్ళం, తల్లీ. ఒకరి తర్వాత ఒకరం పోతాం. అందరినీ నువ్వే కడిగి, బట్టలు తొడిగి పంపుతావు. చివరికి ఇంత ఇంట్లో నువ్వొక్కదానివే మిగులుతావు. నీకు ఒక అక్క ఉందన్నావు. ఆమె దగ్గరికి పొమ్మనే వేశాను" అంది.

ఏడ్చాను, ఆవిడ పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. తర్వాత ఆవిడకి చెప్పాను. "మా ఇంట్లో నేను ఆఖరిదాన్ని సిస్టర్. నాకంటే ముందు పుట్టినవాళ్ళు అందరూ నన్ను చంకనేసుకుని తిరిగారు. నేను ఎవరినీ ఎత్తుకున్నది లేదు. నన్ను ఎత్తుకోనివ్వండి" అన్నాను. మిగిలిపోతానన్న భయం నాకు లేదా అంటే, ఉందక్కా. ఈస్టర్ తర్వాత కేరళ నర్సమ్మాయి ఒకతె వచ్చి నెల రోజులు ఉండి చూస్తానందట. ఉంటుందో ఉండదో. ఎవరూ రాకపోయినా, భయంతోనే ఉంటాను.

నీ ఉత్తరంలో అడిగావు, మూడేళ్ళు చాలవా, ఇటు వచ్చెయ్, నెలకోసారి బస్సెక్కి వచ్చి కమ్మీల అవతల నుంచైనా నీ ముఖం చూసుకుంటాను కదా అని. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. రానక్కా. ఇక రాను. ఇది నీకు ఎవరో చెప్పగా తెలియకూడదని ఇంత పెద్ద ఉత్తరం రాశాను.

బావకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మన విచారణ ఫాదర్ గారికి, వీధిలో పెద్దలందరికీ నేను అడిగానని చెప్పు. కుదిరితే ఎవరైనా పిల్లలు ఇటు వస్తున్నప్పుడు కొంచెం కరివేపాకు ఎండబెట్టి పంపు. లేకపోయినా పర్లేదు.

ఇక్కడే ఉంటానని నేను ప్రమాణం చదివే రోజు ఈస్టర్ పండుగ లోపే ఉంటుంది. ఆ పూట మన గుళ్ళో ఒక పూజ చెప్పించు. నీ చేతిలో కూడా నల్ల గింజే ఉందని నాకు తెలుసు, శౌరక్కా. అది ఎందుకు ఉందో కూడా తెలుసు. వెయ్యి, నేనేం అనుకోను. వేసి, ఆ చేత్తోనే నన్ను దీవించు.

నువ్వు చంకనేసుకుని పెంచిన
లూర్దు