సంవత్సరీకం తర్వాత మొదటి తీపి

సుజాతా,

మొన్న నీ సంవత్సరీకం జరిగింది. ఈ ఏడాదంతా ఇంట్లో తీపి చేయలేదు. మీ అమ్మగారైతే చాయ్‌లో చక్కెర కూడా మానేశారు.

ఈ రోజు మన లత ఇంటర్ పాసైంది. ఐస్‌క్రీమ్ వేసిన కోల్డ్ కాఫీ కావాలని అడిగింది, అమ్మమ్మకు వినబడకుండా. హనుమకొండ వెళ్లి థర్మాస్ ఫ్లాస్కులో ఐస్‌క్రీమ్ తెచ్చాను. మీ అమ్మగారు నిద్ర లేచేలోపు ముగించాలన్న తొందరలో, కాఫీ చల్లారకముందే సగం ఐస్‌క్రీమ్ అందులో వేశాను. అంతా కరిగిపోయింది.

"నాయినా, కోల్డ్ కాఫీ అడిగితే పాయసం చేసినవ్" అని లత గట్టిగా నవ్వి, చప్పున నోరు మూసుకుంది. మీ అమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆమె వచ్చి గిన్నెలోకి చూశారు.

"చల్లారనియ్యాలె గద బిడ్డా. గింత చదువుకుంటివి" అన్నారు నాతో. తర్వాత లత వైపు తిరిగారు. "నవ్వితే భయమెందుకే? పాసైనవ్. నాకు జర పొయ్యి."

ఈసారి కాఫీ చల్లార్చి, మిగిలిన ఐస్‌క్రీమ్ వేశాను. ఆమె గ్లాసు ఖాళీ చేశాకే మేమిద్దరం తాగాం. ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.